ఎడమవైపు రెండో పన్ను

తొమ్మిదింటికి నీళ్ళు మరిగాయి. ఇక్కణ్ణుంచి గంట. గంటంటే గంటే, యాభై అయిదు నిమిషాలు కాదు. తొందరపడి ముందే దించితే లోపల బుడగలుండిపోతాయి, పైకి ఏమీ కనపడదు, ఎప్పుడో గట్టిగా నవ్విన రోజున పుటుక్కుమని విరుగుతుంది అనుకుని, నవ్విన రోజేమిటి, ఇవిక నవ్వే పళ్ళు కావుగా అని గుర్తొచ్చి, పళ్ళమ్మాయి స్టూలును స్టవ్వు దగ్గరకు లాక్కుని కూర్చుంది. ఊళ్ళో అందరూ ఆమెను పళ్ళమ్మాయి అనే పిలుస్తారు, నలభై ఆరేళ్ళొచ్చినా అమ్మాయే. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని డజను అరటిపళ్ళు అడిగిన సందర్భాలూ లేకపోలేదు. పళ్ళ డాక్టరు ముందుగదిలో నోళ్ళు చూస్తాడు, ఈమె వెనకగదిలో పళ్ళ సెట్లు చేస్తుంది, ఇరవై రెండేళ్ళుగా ఇదే గది, ఇదే స్టూలు. గిన్నెలో మరుగుతున్న నీళ్ళ అడుగున మరలు బిగించిన ఇత్తడి డబ్బా ఉంది, డబ్బాలో పారిస్ ప్లాస్టర్ అచ్చు, అచ్చులో గులాబీరంగు పిండి, పిండిలో టీచరమ్మ పళ్ళు. టీచరమ్మ తెల్లవారుజామున నాలుగింటికి పోయింది. పన్నెండింటికి తీసుకెళ్తారు.

పదింటికి దించాలి, అరగంట చల్లారాలి, ప్లాస్టర్ పగలగొట్టాలి, ఆకురాయితో రాయాలి, మెరుగు పెట్టాలి, రెండు వీధులు నడవాలి, పదకొండున్నరకల్లా తెస్తానని చెప్పింది, తెస్తుంది. ఏ పళ్ళు తెస్తానన్నది మాత్రం చెప్పలేదు. అయిదింటికి కబురు విని పరిగెత్తుకుంటూ వెళ్ళినప్పుడు టీచరమ్మ కూతురు మంచం పక్కన నిలబడి తల్లి మొహంకేసి చూడలేక గోడకేసి చూస్తోంది. పెదవులు లోపలికి పోయి, బుగ్గలు పోయి, గడ్డం ముక్కుకు దగ్గరగా వచ్చేసి, ఆ మొహం టీచరమ్మ మొహంలా లేదు. పళ్ళమ్మాయి పక్కన కూర్చుని, నోరు బిగుసుకుపోకముందే, కొలతలు తీసినప్పటి పాత మైనం దిమ్మలు రెండూ చిగుళ్ళ మీద కూర్చోబెట్టింది, దవడ ఎంత ఎత్తులో ఉండాలో అంత ఎత్తులో నిలబడింది. "పళ్ళు తయారయ్యాయని అమ్మ ఎప్పుడో చెప్పింది. అవి తెచ్చి పెట్టెయ్. నలుగురూ వస్తారు, అమ్మని ఇలా చూడకూడదు" అంది కూతురు. "సరే అక్కా, తెస్తాను" అంది ఈమె. అది అబద్ధం కాదు. నిజం కూడా పూర్తిగా కాదు.

తయారైనవి ఉన్నాయి. అదిగో, కిటికీ పక్కన నీలం డబ్బాలో, నీళ్ళలో నానుతున్నాయి. వెళ్ళి పెట్టేస్తే అయిదు నిమిషాల పని. నెలన్నర కిందట చేసింది వాటిని, ఎంత ఇష్టంగా చేసిందో, పళ్ళన్నీ ఒక వరసలో, ముత్యాల కోవలా అంటారే, అలా. తనకు చదువు చెప్పిన మనిషి కదా, ఊళ్ళో ఎవరికీ లేనంత చక్కని పలువరస ఆవిడకు పెట్టాలని. ముందు మైనంలో పేర్చి నోట్లో పెట్టి చూపించాలి, అది చూపించకుండానే పూర్తి చేసేసింది, ఆశ్చర్యపరుద్దామని. టీచరమ్మ పెట్టుకుని అద్దంలో అటు తిరిగి చూసింది, ఇటు తిరిగి చూసింది, ఇరవై ఏళ్ళుగా నోటికి అడ్డం పెట్టుకునే అరచేతిని మొదటిసారి కిందికి దించింది, దించి, "ఎవరే ఈవిడ?" అంది. పళ్ళమ్మాయి నవ్వింది, టీచరమ్మ నవ్వలేదు. "సరస్సు" అంది అద్దంతో. "సున్నం. సాయంత్రం." ఒక్కోమాట అని ఆగి విన్నది. "ఇందులో నా గొంతు లేదే. నా సకారానికి చిన్న ఈల ఉండాలి. అది ఆ వంకర పన్ను పక్క సందులోంచి వచ్చేది. నువ్వు సందు మూసేశావు." వంకర పన్ను ఎవరైనా కోరి పెట్టించుకుంటారా టీచరమ్మా అంటే, "కోరి పెట్టించుకోవడమేమిటి, అది నాదే. నాది నాకు ఇయ్యి. ఆ పన్ను నీకు తెలుసుగా" అని సంచి తీసుకుని వెళ్ళిపోయింది. నాకు తెలుసు అనుకుంది పళ్ళమ్మాయి. మళ్ళీ మొదలుపెట్టింది, మైనంలో పేర్చింది, పై వరసలో ఎడమవైపు రెండో పన్ను కొంచెం తిప్పి పక్కదాని మీదికి వాల్చింది, ఇవతల కాగితం పట్టేంత సందు వదిలింది. తర్వాత వరసగా పెద్ద ఆర్డర్లు వచ్చాయి, అది తొమ్మిది రోజులు అలమరలో కూర్చుంది. సోమవారం రండి, పెట్టి చూద్దాం అని శనివారం కబురు పెడితే, సోమవారం తెల్లవారక ముందే ఆవిడ వెళ్ళిపోయింది. ఆ తొమ్మిది రోజుల్ని పళ్ళమ్మాయి ఎక్కడ దాచుకోవాలి.

ముందుగది తలుపు తెరుచుకుంది. డాక్టరు తల లోపలికి పెట్టి, మరుగుతున్న గిన్నెను చూశాడు, నీలం డబ్బాను చూశాడు, మళ్ళీ గిన్నెను చూశాడు.

"రెడీగా ఉన్నవి ఉన్నాయి కదమ్మా. మళ్ళీ ఈ వంట దేనికి?"

"ఆవిడ అవి వద్దన్నారండీ."

"ఆవిడే లేదు కదమ్మా ఇప్పుడు. పైగా ట్రయల్ కూడా కాలేదు. సరిగ్గా ఉన్నాయో లేదో ఎవరు చెప్తారు?"

"నేను చెప్తానండీ. ఆ నోరు నేను ఒకటో తరగతి నుంచీ చూశాను."

"ఆవిడ కూతురు ఏమందో?"

"అడగలేదండీ."

డాక్టరు ఈమె మొండిపట్టు తెలిసినవాడు గనక, "సరే, నీ ఇష్టం. నేనూ పదకొండింటికి వస్తా అక్కడికి" అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. ఒకటో తరగతి నుంచీ చూశాను అన్న మాట గదిలోనే ఉండిపోయింది. చూసింది. ఎదురుగా కూర్చుని చూసింది. నీళ్ళు కుతకుతమంటున్నాయి, గడియారంలో తొమ్మిదీ పద్దెనిమిది, ఎదురుగా కూర్చుని చూసింది అన్న చోట ఆలోచన కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు ఆగింది. ఎదురుగా కూర్చున్నదానికి కుడి అయినది ఆవిడకు ఎడమ. మరి తన మనసులో ఉన్న ఆ ఎడమ ఎవరి ఎడమ? ఆవిడ ఎడమా, బెంచీ మీద కూర్చున్న ఆరేళ్ళ పిల్ల ఎడమా? మైనంలో పేర్చేటప్పుడు చెయ్యి తనంతట తానే అటు వెళ్ళింది, అడగలేదు, ఆలోచించలేదు, సోమవారం ఆవిడే వచ్చి చూస్తుంది కదా అన్న ధీమా. ఇప్పుడు డబ్బా తెరవడానికి లేదు, తెరిస్తే పిండి చెడుతుంది, మూస్తే సందేహం ఉడుకుతుంది. పళ్ళూడిన చిగుళ్ళకేమో ఏదీ గుర్తుండదు, చదునుగా ఉంటాయి. ఫోటోలు చూద్దామంటే ఉన్నవన్నీ పళ్ళూడాక తీసినవే, అన్నిట్లోనూ నోటికి అరచెయ్యి అడ్డం. కూతురికి ఫోన్ చేసి అడగొచ్చు, అక్కా, మీ అమ్మ వంకర పన్ను ఏ వైపు ఉండేది అని. అడిగితే, వంకర పన్ను సంగతి నీకెందుకు, తయారైనవి తీసుకురా అంటుంది. అనడమేమిటి, ఆ కూతురికి కూడా అదే పన్ను వస్తే, పద్నాలుగో ఏట ఏడ్చి రాగాలు పెట్టి తీగ కట్టించుకుని సరిచేయించుకుంది. నీ పన్ను నాకొచ్చింది చూడు అని తల్లితో రెండు నెలలు మాట్లాడలేదట. ఆ మాట టీచరమ్మే చెప్పింది, నవ్వుతూ, అరచెయ్యి అడ్డం పెట్టుకుని.

మొదటిసారి కాదు ఇది. ఒకసారి ఇటుది అటు, అటుది ఇటు చేసిన చేతులే ఇవి. పై అరలోకి చూసింది. గదిలో రెండు అరలున్నాయి, కింది అరలో బతికున్నవాళ్ళ దవడల అచ్చులు, పోయినవాళ్ళవి ఆమె పై అరలో పెడుతుంది, పైకి వెళ్ళారు అంటారు కదా, ఆ లెక్కన. ఈ చలికాలం పై అరలో కొత్తగా ఇద్దరు చేరారు, గడియారాల తాత, పోస్టుమాస్టరు, పదకొండు రోజుల తేడాతో. పక్కపక్కనే పెట్టింది. బతికుండగా పందొమ్మిదేళ్ళు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. పోస్టాఫీసు గోడ గడియారం బాగుచేసింది తాత, అది నాలుగు నిమిషాలు ముందుకు పోతోందన్నాడు పోస్టుమాస్టరు, పోయేది గడియారం కాదు నీ బుద్ధి అన్నాడు తాత, ఒకనాడు తాత రిజిస్టరు ఉత్తరం పట్టుకుని పరిగెత్తుకొస్తే ఆ గడియారం ప్రకారమే కిటికీ మూసేశాడు పోస్టుమాస్టరు. అంతే, పందొమ్మిదేళ్ళు. పళ్ళమ్మాయి పనిలో చేరిన మొదటి ఏడాది ఇద్దరి సెట్లూ ఒకే వారం తయారయ్యాయి, ఇద్దరివీ ఇంచుమించు ఒకే కొలత, ఈమె డబ్బాల మూతలు మార్చి పెట్టింది. ఎనిమిది రోజులు తాత పోస్టుమాస్టరు పళ్ళతో తిన్నాడు, పోస్టుమాస్టరు తాత పళ్ళతో తిన్నాడు. తొమ్మిదో రోజు తాత వచ్చి, "అమ్మాయ్, ఇవి నా పళ్ళు కావు. ఇవి పెట్టుకున్నప్పటి నుంచి అందరి తప్పులూ పట్టబుద్ధవుతోంది" అన్నాడు. ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే పోస్టుమాస్టరు లోపలికి వచ్చాడు.

ఇద్దరూ ఈ గదిలోనే, ఈ స్టవ్వుకు చెరో పక్కా, చేతుల్లో ఒకరి పళ్ళు ఒకరు పట్టుకుని బోసినోళ్ళతో నిలబడ్డారు. బోసినోటితో తిట్టుకోవడం కష్టం. తాతే ముందు నవ్వాడు, పోస్టుమాస్టరు ఆపుకోవాలని చూశాడు గానీ బోసినోరు ఆగదు. ఆ తర్వాత రోజూ సాయంత్రం తాత దుకాణంలో ఇద్దరూ కూర్చునేవాళ్ళు. ఆ దుకాణంలో గడియారాలకు ఎదురుగా పెద్ద అద్దం, అద్దంలో చూసి టైము తప్పు చదువుకునేవాళ్ళు జనం, ఎడమచేతి గడియారానికి పట్టీ వెయ్యమంటే తాత తలెత్తకుండా, "ఎవరి ఎడమ? ముందు అది చెప్పు" అనేవాడు. అదేం ప్రశ్న తాతా అని నవ్వుకునేది తను. పోయే ముందు రోజు కూడా పోస్టుమాస్టరు తాత లేని దుకాణం గడప మీద కాసేపు కూర్చుని వెళ్ళాడని పక్క కొట్టువాళ్ళు చెప్పారు. తాతా, నువ్వు సరైన ప్రశ్నే అడిగావు, ఎవరి ఎడమ, ఇప్పుడు నాకు కావలసింది అదే. తొమ్మిదీ ముప్పై ఒకటి.

మూతలు మార్చిన ఆ రోజున ఈమె ఏడ్చుకుంటూ ఇంటికి పోతుంటే దారిలో టీచరమ్మ ఆపింది. ఉద్యోగం మానేస్తాను, నా చేతులకు ఈ పని తగదు అంది ఈమె. టీచరమ్మ ఓదార్చలేదు. ఓదార్చే రకం కాదు ఆవిడ. "కాగితం చింపుతావా?" అంది, అంతే. తరగతిలో ఆవిడ పద్ధతి అది, తప్పు రాసిన కాగితం చింపనిచ్చేది కాదు, రబ్బరుతో చెరపనిచ్చేది కాదు. ఒక్క గీత కొట్టి కిందనే సరైనది రాయాలి, తప్పూ కనపడాలి ఒప్పూ కనపడాలి. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చి ఈ పిల్లల పుస్తకాలేమిటి ఇలా గీతల మయంగా ఉన్నాయంటే, "వీళ్ళు నేర్చుకున్నారండి, కనపడుతోంది" అందట. ఎంత మందికి చెప్పిందో ఆవిడ చదువు. ముప్పై ఆరేళ్ళు ఒకటో తరగతే, పై తరగతులు ఇస్తామన్నా తీసుకోలేదు, పునాది దగ్గరే నా పని, పైకప్పు ఎవరైనా వేస్తారు అనేది. పదవీ విరమణ తర్వాత కూడా ఊళ్ళో ఎవరింటి ముందు బోర్డు తప్పుగా కనపడినా లోపలికి వెళ్ళి చెప్పి వచ్చేది. పళ్ళూడాక మాత్రం మాట తగ్గిపోయింది. బోసిమాట పిల్లలు వింటే తప్పు నేర్చుకుంటారని. ఇరవై ఏళ్ళు ఒక చెయ్యి నోటికే అంకితం, రెండో చేత్తోనే అన్ని పనులూ. మరి ఇంతకాలం పళ్ళెందుకు పెట్టించుకోలేదంటే, ముందు ఆయన జబ్బు, తర్వాత మనవరాలి పెళ్ళి, తర్వాత అలవాటైపోయింది అంది. ఎనభై నాలుగో ఏట ఒక రోజు వచ్చి, "మునిమనవరాలికి మాటలొస్తున్నాయే, దానికి నా నోటితో నేను అక్షరాలు చెప్పాలి" అని ఈ స్టూలు మీదే కూర్చుంది. అందుకే ఈల కావాలంది. పిచ్చిది, పళ్ళమ్మాయి, అందం ఇచ్చింది.

నీలం డబ్బా వైపు చూపు పోతోంది. తప్పు వైపు వంకర పన్నుతో వెళ్ళడం కంటే ఏ వంకరా లేని పళ్ళు నయం కదా, తప్పు ఉండదు, కూతురు సంతోషిస్తుంది, అందరూ ఎంత బాగుందో అంటారు, డాక్టరు కూడా మెచ్చుకుంటాడు. లేచింది. డబ్బా మూత తీసింది. ముత్యాల కోవ నీళ్ళలోంచి నవ్వింది, అది ఎవరి నవ్వో, ఎవరే ఈవిడ అన్న గొంతు వినపడి మూత పెట్టేసింది. కాదు. కాగితం చింపకూడదు. గుర్తు తెచ్చుకోవాలి, అంతే, గుర్తులేదనడానికి లేదు, ఆ నోరు చూసే కదా తను మాట నేర్చుకున్నది. ఆరేళ్ళు వచ్చినా తనకు సకారం పలికేది కాదు, సూది అంటే తూది అనేది, తరగతంతా నవ్వేది. టీచరమ్మ మధ్యాహ్నం అందరూ తింటున్నప్పుడు తనను ముందు బెంచీ మీద కూర్చోబెట్టుకుని, కుర్చీ ఎదురుగా వేసుకుని, నా నోట్లోకి చూడు, నాలుక ఎక్కడుందో చూడు, పళ్ళ వెనక, అదిగో, స, స, సూది. నోరు తెరిచిన టీచరమ్మ నోట్లోకి తను చూసేది, మెడ చాచి. ఆ పన్ను మెరిసేది. మిగతావాటి కంటే అదే ఎందుకు మెరిసేది? వెలుగు పడి. వెలుగు ఎక్కణ్ణుంచి? కిటికీలోంచి. తరగతికి ఒకటే కిటికీ. కిటికీ ఏ వైపు?

కళ్ళు మూసుకుంది. ఒకటో తరగతి గది, పెచ్చులూడిన గోడ, నల్లబల్ల, పలకలు, ముందు బెంచీ చివర తను. కిటికీకి రెక్క లేదు. వానొస్తే జల్లు లోపలికి కొట్టేది, చివర కూర్చున్నది తనే గనక తనే తడిసేది. ఏ చెయ్యి తడిసేది? చొక్కా చెయ్యి తడిసి చల్లగా అంటుకునేది, పలక మీద చినుకులు పడి రాసిన అక్షరాలు కరిగిపోయేవి, బలపం జారిపోయేది, బలపం, బలపం పట్టిన చెయ్యి. కుడిచెయ్యి. తను కుడిచేత్తోనే రాస్తుంది, ఇప్పటికీ ఆ చేత్తోనే మైనం చెక్కుతుంది. తడిసింది ఈ చెయ్యే. కిటికీ తన కుడివైపు, అంటే ఎదురుగా కూర్చున్న టీచరమ్మకు ఎడమవైపు, వెలుగు పడ్డది ఆవిడ ఎడమ బుగ్గ మీద, మెరిసింది ఎడమ పన్ను. ఆవిడ ఎడమ. అయినా తృప్తి చాలక లేచి నిలబడి, ఈ గది కిటికీని తన కుడిచేతి వైపు ఉంచుకుని, ఎదురుగా ఖాళీ స్టూలు మీద టీచరమ్మను కూర్చోబెట్టుకుని మళ్ళీ ఒకసారి చూసింది, ముందు ఎవరి ఎడమ అని అడిగి మరీ చూసింది. ఎడమే. చెయ్యి తప్పు చెయ్యలేదు, చేతికి ముందే తెలుసు. "స" అంది పైకి. "సరస్సు. సూది. సాయంత్రం." ఖాళీ గదిలో చక్కగా పలికింది. అప్పుడు ఏడుపొచ్చింది, తెల్లవారినప్పటి నుంచి రానిది, వచ్చినంత సేపు రానిచ్చింది. నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి.

పదింటికి దించింది. చల్లారేదాకా చేతులు ఊరుకోక నీలం డబ్బా మీది చీటీ మీద పేరును ఒక్క గీతతో కొట్టింది, కింద "ఇవి కావు" అని రాసి, డబ్బాను పై అరలో తాతకూ పోస్టుమాస్టరుకూ పక్కన పెట్టింది. మరలు విప్పింది, ప్లాస్టర్ చిన్న సుత్తితో పగలగొట్టింది, ఒక్క బుడగ లేదు. ఆకురాయితో రాసింది, మెరుగు పెట్టింది, కడిగింది, శుభ్రమైన గుడ్డలో చుట్టి నడిచింది. నడుస్తుంటే ఎవరైనా ఏమైనా అంటే ఏమనాలో మాటలు కూర్చుకుంది, ఒక్కటీ నిలవలేదు. ఇంటి ముందు చెప్పులు, కుర్చీలు, మెల్లగా మాట్లాడుకుంటున్న మనుషులు, అందులో సగం మంది టీచరమ్మ దగ్గర ఒకటో తరగతి చదివినవాళ్ళే. కూతురు గది తలుపు వేసింది, లోపల ముగ్గురే మిగిలారు. పళ్ళమ్మాయి మైనం దిమ్మలు తీసి, బిగిసిన దవడను వేళ్ళతో నెమ్మదిగా, తొందర లేకుండా రాసి రాసి వదులు చేసి, పైది పెట్టింది, కిందిది పెట్టింది, పెదవులు సర్దింది. పైపెదవి పూర్తిగా మూసుకోలేదు. ఎప్పుడూ మూసుకునేది కాదు, ఆ పన్ను అడ్డొచ్చి.

కూతురు వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"నేను తెమ్మన్నవి ఇవి కావు" అంది.

"కావక్కా. ఇవి టీచరమ్మ చెయ్యమన్నవి."

పళ్ళమ్మాయి చేతులు కట్టుకుని నిలబడింది, తియ్యమంటే తియ్యను అని మనసులో అనుకుంటూ. కూతురి చెయ్యి మెల్లగా లేచి తన నోటి దగ్గరకే వెళ్ళింది, ఎడమవైపు, పైపెదవి మీద, ఎప్పుడో నలభై ఏళ్ళ కిందట తీగ కట్టించి సరిచేయించుకున్న పన్ను దగ్గర ఆగింది. ఆ వేలు అక్కడ ఉండగానే కూతురు రెండో చేత్తో తలుపు తీసి, బయట ఎవరో ఎత్తుకుని ఉన్న రెండేళ్ళ మనవరాలిని అందుకుని లోపలికి తీసుకొచ్చి, మంచం పక్కన కూర్చుంది.

"ఇదిగో, ఇటు చూడమ్మా" అంది. "మీ తాతమ్మ."